భూమి రైతుకు, పగ్గం పార్టీకి

అసైన్డ్ భూమిని అమ్ముకునే హక్కు పేదలకు ఇవ్వాలా, వద్దా? తెలుగు రాష్ట్రాల్లో ఎన్నికలు వచ్చినప్పుడల్లా, ప్రభుత్వం మారినప్పుడల్లా ఈ ప్రశ్న మళ్లీ లేస్తుంది. 1977 నాటి చట్టం ఆ భూముల బదిలీని నిషేధించింది. 2023లో ఆంధ్రప్రదేశ్ దాన్ని సవరించి, పంపిణీ జరిగి 20 ఏళ్లు దాటిన భూములపై లబ్ధిదారులకు పూర్తి హక్కులు ఇవ్వజూసింది. అమ్ముకోనిస్తే భూమి తిరిగి పెద్దల చేతికే పోతుందని ఒక వాదం. అమ్ముకోలేని భూమిని చూసి ఏ బ్యాంకూ అప్పివ్వదని, పేదవాడి ఆస్తికే ఈ ఆంక్ష ఎందుకని రెండో వాదం. రెండింటిలోనూ నిజం ఉంది. ఈ వివాదాన్ని మనకంటే ముందు, మనకంటే ఎన్నో రెట్లు పెద్ద ఎత్తున అనుభవించిన దేశం మెక్సికో. ఆ అనుభవానికి కేంద్రంలో ఉన్న మనిషి 1934 నుంచి 1940 దాకా అధ్యక్షుడిగా పనిచేసిన లాసరో కార్దెనాస్. అమ్మే హక్కు ఉందా లేదా అన్నది రెండో ప్రశ్నేనని ఆయన రాజకీయ జీవితం, ఆ తర్వాతి అరవై ఏళ్ల చరిత్ర చెబుతున్నాయి. అప్పు ఎవరి చేతిలో ఉంది, నీళ్లు ఎవరు వదులుతారు, రైతు సంఘం ఎవరి మాట వింటుంది అన్నవి అంతకు ముందే తేల్చుకోవాల్సిన ప్రశ్నలు.

విప్లవానికి ముందు మెక్సికో పల్లె హాసియెండా అనే పెద్ద ఎస్టేటు గుప్పిట్లో ఉండేది. పోర్ఫిరియో దియాస్ మూడు దశాబ్దాలకు పైగా సాగించిన పాలనలో రైలు మార్గాలు, గనులు విస్తరించాయి. అదే కాలంలో గ్రామాల ఉమ్మడి భూములు, పత్రాలు లేవన్న నెపంతో ఎస్టేట్లలో కలిసిపోయాయి. 1910 నాటికి పల్లె కుటుంబాల్లో అత్యధికులకు సెంటు భూమి లేదు. కూలి ఇచ్చేది దొరే, ఆ కూలిని తిరిగి రాబట్టే దుకాణమూ దొరదే, బాకీ తీరేదాకా ఊరు దాటనివ్వనిదీ ఆయనే. ఎమిలియానో జపాతా వెనుక దక్షిణాది రైతులు తుపాకులు పట్టడానికి కారణం ఇదే. 1917 రాజ్యాంగంలోని 27వ అధికరణం భూమి, నీరు మూలతః జాతి సొత్తని ప్రకటించి ఎస్టేట్ల విభజనకు దారి తెరిచింది. అయితే గెలిచిన సేనాధిపతులు తామే భూస్వాములయ్యారు. తెర వెనుక నుంచి దేశాన్ని నడిపిన మాజీ అధ్యక్షుడు ప్లుతార్కో ఎలియాస్ కాయెస్ 1930 నాటికి భూ పంపిణీ విఫలమైందని, ఇక చాలించాలని బహిరంగంగానే చెప్పాడు. అప్పటిదాకా పంచిన భూమిలోనూ చాలా భాగం మెట్ట, గుట్ట.

ఆ కాయెస్ చేరదీసి పెంచిన అధికారే కార్దెనాస్. 1895 మే 21న మిచోఆకాన్ రాష్ట్రంలోని హికిల్పన్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. బడి చదువు ప్రాథమిక స్థాయి దాటలేదు. పదహారేళ్ల వయసులో తండ్రి పోతే పన్నుల కార్యాలయంలో, అచ్చు యంత్రం దగ్గర పనిచేసి కుటుంబాన్ని పోషించారు. 1913లో విప్లవ సేనలో చేరి, పాతికేళ్లకే జనరల్ అయ్యారు. 1920లలో చమురు ప్రాంతమైన హువాస్తెకాలో సైనికాధికారిగా ఉన్నప్పుడు విదేశీ కంపెనీల ప్రైవేటు కాపలాదళాలను, విదేశీ ఉద్యోగుల బంగళాలను, వాటి పక్కనే మెక్సికన్ కార్మికుల గుడిసెలను దగ్గరుండి చూశారు. పక్కన ఫ్రాన్సిస్కో ముహికా ఉన్నాడు. 27వ అధికరణం రాజ్యాంగంలోకి రావడానికి పోరాడిన వారిలో ముహికా ఒకడు. పదేళ్ల తర్వాత తీసుకున్న చమురు నిర్ణయానికి బీజం ఇక్కడే పడిందని చరిత్రకారులు అంటారు. తర్వాత మిచోఆకాన్ గవర్నరుగా, అధికార పార్టీ అధ్యక్షుడిగా, హోంమంత్రిగా, యుద్ధ మంత్రిగా ఒక్కో మెట్టూ ఎక్కారు.

1934లో పార్టీ అభ్యర్థి అయినప్పుడే గెలుపు ఖాయమైపోయింది. అయినా సుమారు 27 వేల కిలోమీటర్లు తిరిగారు, అందులో కొంత గుర్రం మీద. పదవిలోకి రాగానే చపుల్తెపెక్ కోటలో ఉండనని, లాస్ పినోస్ అనే మామూలు భవనానికి మారారు. తన జీతం సగానికి తగ్గించుకున్నారు. రోజూ మధ్యాహ్నం ఒక గంట టెలిగ్రాఫ్ కార్యాలయాల్లో ఏ పౌరుడైనా పైసా కట్టకుండా అధ్యక్షుడికి మొర పంపుకోవచ్చని ఆదేశించారు. వీటిని ప్రచార ఎత్తుగడలుగా కొట్టిపారేసిన వాళ్లున్నారు. నేను అలా అనుకోను. బావి ఎండిందని, దొర మనుషులు కొట్టారని, బడికి పంతులు లేడని గ్రామాల నుంచి తంతులు రావడం మొదలయ్యాక ప్రభుత్వ యంత్రాంగానికి తెలియదని తప్పించుకునే వీలు పోయింది. అయితే ఆ తంతి రాష్ట్ర శాసనసభకో, కోర్టుకో, స్థానిక సంస్థకో పోలేదు, నేరుగా అధ్యక్షుడి బల్ల మీదికి పోయింది. న్యాయం ఒక మనిషి దయగా అందే అలవాటు మొదలైంది కూడా అక్కడే.

తనను పైకి తెచ్చిన కాయెస్‌తో ఆయన తెగతెంపులు చేసుకున్న తీరు రాజనీతికి పాఠం లాంటిది. 1935 జూన్‌లో కాయెస్ కార్మికుల సమ్మెలను తప్పుపడుతూ అధ్యక్షుడిని పరోక్షంగా హెచ్చరించాడు. కార్దెనాస్ మంత్రివర్గం చేత మొత్తంగా రాజీనామా చేయించి, కాయెస్ మనుషులను సైన్యం నుంచి, గవర్నర్ పదవుల నుంచి ఒక్కొక్కరిగా తప్పించారు. 1936 ఏప్రిల్‌లో కాయెస్‌ను విమానం ఎక్కించి అమెరికా పంపేశారు. జపాతా, కారంసా, విల్లా, ఒబ్రెగోన్ వంటి విప్లవ నేతలందరూ తూటాలకే బలైన దేశంలో అధికార మార్పిడి రక్తం చిందకుండా జరిగింది. ఆ సంప్రదాయాన్ని మెక్సికోకు ఇచ్చినందుకే ఆయన్ను రాజనీతిజ్ఞుడనవచ్చు. ఆశ్రయం ఇవ్వడంలోనూ అదే ధైర్యం చూపారు. 1937 జనవరిలో ట్రాట్‌స్కీకి, ఆ తర్వాత స్పెయిన్ అంతర్యుద్ధంలో ఓడిన వేలాది రిపబ్లికన్లకు మెక్సికో తలుపులు తెరిచింది.

ఇక భూమి. ఆరేళ్లలో దాదాపు 1 కోటి 80 లక్షల హెక్టార్లు, సుమారు 8 లక్షల మంది రైతులకు. అంతకు ముందున్న ప్రభుత్వాలన్నీ కలిసి పంచిన దానికన్నా ఇది ఎక్కువ. 1940 నాటికి సాగుభూమిలో సగానికి దగ్గరగా ఎహీదోల కిందికి వచ్చింది. ఎహీదో అంటే గ్రామానికి ఉమ్మడిగా ఇచ్చే భూమి. రైతుకు సాగు హక్కు ఉంటుంది, వారసుడికి దక్కుతుంది. అమ్మకం, తాకట్టు, కౌలు నిషిద్ధం. వరుసగా రెండేళ్లు బీడు పెడితే హక్కు పోతుంది. మనవాళ్లకు ఈ షరతులు కొత్తగా అనిపించవు.

లాగునా ప్రాంతంలో జరిగినదాన్ని కాస్త దగ్గరగా చూడాలి. తొర్రెయోన్ పట్టణం చుట్టూ నాసాస్ నది నీటితో పత్తి పండించే ఎస్టేట్లవి. దేశంలోనే లాభసాటి వ్యవసాయం. 1936 ఆగస్టులో కూలీలు సమ్మెకు దిగారు. అక్టోబరు 6న పంపిణీ ఉత్తర్వు వచ్చింది. సుమారు 45 రోజుల్లో దాదాపు లక్షన్నర హెక్టార్ల మాగాణిని 35 వేల మందికి పంచేశారు. బాగా పండే పెద్ద ఎస్టేటును ముక్కలు చేస్తే దిగుబడి పడిపోతుందన్న వాదనకు జవాబుగా, ఉమ్మడి సాగు ఎహీదోలను నెలకొల్పారు. సంకల్పం గొప్పది. కానీ చట్టం భూస్వామికి 150 హెక్టార్లు తనకు నచ్చిన చోట అట్టేపెట్టుకునే వీలిచ్చింది. భూస్వాములు బావులు, మోటార్లు, ఇంటి కట్టడాలు ఉన్న మేలైన చెక్కను ఎంచుకున్నారు. హడావిడి సర్వేలో ఎహీదోల భూములు అక్కడక్కడా ముక్కలుగా పడ్డాయి, పాత కాలువలకు వాటి హద్దులకు పొంతన కుదరలేదు. సమ్మె విరగ్గొట్టడానికి బయటి నుంచి తెచ్చిన కూలీలకు కూడా వాటా ఇవ్వడంతో ఒక్కో కుటుంబానికి దక్కింది నాలుగైదు హెక్టార్ల లోపే. మన దేశంలో సీలింగ్ చట్టాలు అమలైన తీరు ఎరిగినవారికి ఈ దృశ్యం పరిచితమే. భూమి ఎంత పంచారన్న లెక్క పత్రికలకెక్కుతుంది. బావి ఎవరికి మిగిలిందన్నది ఎవరూ రాసిపెట్టరు.

తాకట్టు పెట్టలేని భూమికి ప్రైవేటు అప్పు పుట్టదు కాబట్టి ఎహీదో రుణ బ్యాంకును ప్రభుత్వమే పెట్టింది. విత్తనం, మందు, కోత దాకా వారం వారం ఇచ్చే బయానా అన్నీ ఆ బ్యాంకువే. ఏ పంట వేయాలో బ్యాంకు ఇన్‌స్పెక్టరు చెప్పేవాడు, పత్తిని అమ్మేదీ బ్యాంకే, లెక్క తేల్చేదీ అదే. మొదటి ఏళ్లలో లాగునాలో బడులు, వైద్యశాలలు వచ్చాయి, పిల్లల తిండి మెరుగైంది. దాన్ని తక్కువ చేయడం అన్యాయం. కానీ 1940 తర్వాత ప్రభుత్వం మొగ్గు మారగానే అప్పు తగ్గింది, అవినీతి పెరిగింది, నీటి కేటాయింపు రాజకీయమైంది. బ్యాంకు తమకు కొత్త యజమాని అయిందని ఎహీదో రైతులే అనుకునే పరిస్థితి వచ్చింది. యుకతాన్‌లో కత్తాళ నార తోటల పరిస్థితి ఇంకా దారుణం. ఫ్యాక్టరీలు పాత యజమానుల చేతుల్లోనే మిగిలి, తోటలు మాత్రం రైతులకు వచ్చాయి.

సంఘం సంగతి మరీ కీలకం. కార్మికులు 1936లో విసెంతే లొంబార్దో తొలెదానో నాయకత్వంలో సీటీఎం అనే సమాఖ్యగా ఏర్పడి రైతు కూలీలను కూడా కలుపుకోవాలనుకున్నారు. కార్దెనాస్ ఒప్పుకోలేదు. రైతులకు విడిగా సీఎన్‌సీ అనే జాతీయ సమాఖ్యను 1938లో ఏర్పాటు చేయించారు. అదే ఏడాది మార్చి చివర్లో అధికార పార్టీని పునర్నిర్మించి కార్మిక, రైతు, సైనిక, మధ్యతరగతి విభాగాలను అందులో అంగాలుగా చేర్చారు. ఎహీదోలో భూమి దక్కితే సీఎన్‌సీలో సభ్యత్వం, సీఎన్‌సీలో సభ్యత్వం ఉంటే పార్టీలో సభ్యత్వం. భూస్వాముల తిరుగుబాటు, సైనిక కుట్ర పొంచి ఉన్న రోజుల్లో ఇది ఆత్మరక్షణ. ఆ ఏడాదే జనరల్ సాతుర్నినో సెదియో తిరగబడ్డాడు కూడా. సంస్కరణను కాపాడే ఆ పగ్గమే తర్వాతి అధ్యక్షుల చేతిలో రైతును అదుపు చేసే పగ్గమైంది. 1946లో పీఆర్ఐ అని పేరు మార్చుకున్న ఆ పార్టీ 2000 దాకా అధికారం వదల్లేదు. ఆ పాలన చివరి రోజుల వరకు అత్యంత నమ్మకమైన ఓట్లు పల్లెలవే.

చమురు కథ ఎక్కువ మందికి తెలిసినదే. కార్మికుల వేతనాలపై వచ్చిన తీర్పును 1938 మార్చి 1న సుప్రీంకోర్టు ఖాయం చేసినా కంపెనీలు లెక్కచేయలేదు. మార్చి 18 రాత్రి కార్దెనాస్ రేడియోలో స్వాధీన ప్రకటన చేశారు. పరిహారం కోసం ఆడవాళ్లు నగలు, పల్లె జనం కోళ్లు తెచ్చి రాజధానిలోని లలితకళల భవనంలో సమర్పించారు. పదమూడేళ్ల తర్వాత అదే పని చేసిన ఇరాన్ ప్రధాని మొసాద్దెక్ 1953లో కుట్రకు బలయ్యాడు. కార్దెనాస్ ఎందుకు నిలిచారు? యుద్ధం ముంచుకొస్తుండగా పొరుగు దేశంతో తగవు వద్దనుకున్న రూజ్‌వెల్ట్ ఒక కారణం. కోర్టు తీర్పు తర్వాతే కదలడం, పరిహారం ఇస్తామని మొదటి రోజే చెప్పడం రెండో కారణం. అమెరికన్ కంపెనీలకు 1942లో సుమారు 2 కోట్ల 40 లక్షల డాలర్లతో లెక్క తేలింది. నేడు ఆయన సృష్టించిన పెమెక్స్ భారీ అప్పుల్లో ఉంది. 2013లో చమురు రంగాన్ని ప్రైవేటుకు తెరిచిన ప్రభుత్వమూ ఆయన పేరే చెప్పింది, 2024లో ఆ దారిని వెనక్కి తిప్పిన ప్రభుత్వమూ ఆయన పేరే చెప్పింది.

స్వాధీనం తర్వాత కంపెనీల బహిష్కరణ, పెసో పతనం, ధరల పెరుగుదలతో పంపిణీ నెమ్మదించింది. స్త్రీలకు ఓటు హక్కు కోసం 1937లో ఆయనే ప్రతిపాదించిన సవరణ పార్లమెంటులో, రాష్ట్రాల్లో నెగ్గినా అధికారికంగా ప్రకటించకుండా ఆగిపోయింది. 1953 దాకా మెక్సికో స్త్రీలు ఎదురుచూశారు. నా దృష్టిలో ఆయన ఖాతాలోని పెద్ద వైఫల్యం ఇదే. దీనికి విదేశీ కంపెనీలను, భూస్వాములను నిందించే వీల్లేదు. 1940లో వారసుడిగా తన ఆప్తుడైన ముహికాను కాకుండా మితవాది మానుయెల్ అవిలా కమాచోను నిలబెట్టారు. అంతర్యుద్ధం తప్పించారని కొందరు, సంస్కరణను చేజేతులా ఆపారని కొందరు. పదవీకాలం ముగిశాక మాత్రం తెర వెనుక పెత్తనం చేయలేదు. రక్షణ మంత్రిగా, తర్వాత తెపల్కతెపెక్, బల్సాస్ నదీ పరీవాహక ప్రాంతాల అభివృద్ధి పనుల్లో కాలం గడిపారు. 1970 అక్టోబరు 19న మరణించారు.

ఆయన్ను ఎలా అంచనా వేయాలన్న దానిపై చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. అర్నాల్దో కోర్దోవా దృష్టిలో ఇది ప్రజలను కదిలించి, ఆ ప్రజలనే రాజ్యానికి కట్టేసిన రాజకీయం. అదోల్ఫో హిల్లీ మాత్రం కింది నుంచి రైతులు, కార్మికులు తెచ్చిన ఒత్తిడిని, వారి ఆశలను ముందు పెడతాడు. బ్రిటిష్ చరిత్రకారుడు అలన్ నైట్, ఈ ప్రభుత్వం బయటికి కనిపించినంత బలమైనది కాదని, రాష్ట్రాల్లో స్థానిక పెద్దల ముందు చాలాచోట్ల చేతులెత్తేసిందని చూపాడు. రాజనీతి శాస్త్రవేత్త మైకేల్ ఆల్బర్టస్ తర్వాతి దశాబ్దాలను లెక్కగట్టి, పీఆర్ఐ భూమి ఇస్తూనే పూర్తి హక్కును, అప్పును బిగబట్టి ఓట్లు నిలుపుకుందని వాదించాడు. ఈ చివరి వాదన బలమైనదే. అయితే 1936 నాటి లాగునాకు 1966 నాటి ఓట్ల లెక్కను అంటగడితే, కూలీలు స్వయంగా సమ్మె చేసి గెలుచుకున్నది కనబడకుండా పోతుంది.

పూర్తి హక్కు ఇస్తే చాలా అంటే ఆసియా అనుభవం చూడాలి. జపాన్‌లో రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి సంస్కరణతో కౌలు భూమి దాదాపు 46 శాతం నుంచి 10 శాతం ఆసుపాసులకు పడిపోయింది. రైతు పూర్తి యజమాని అయ్యాడు. తైవాన్, దక్షిణ కొరియాల్లోనూ అంతే. దిగుబడులు పెరిగాయి. అక్కడ రైతుకు పట్టాతో పాటు ఎరువు, పరిశోధన, మార్కెట్ సంఘం అందాయి. అయినా జపాన్ రైతులు సహకార సంఘాల ద్వారా, ధాన్యం ధర ద్వారా ఒకే పార్టీకి దశాబ్దాల పాటు కట్టుబడ్డారు. పట్టా ఒక్కటే రాజకీయ స్వేచ్ఛ తెచ్చిపెట్టదన్నమాట. మరోవైపు పెరూలో జనరల్ వెలాస్కో 1969లో ఎస్టేట్లను సహకార సంఘాలుగా మార్చితే, పదిహేనేళ్లు తిరగకముందే సభ్యులే వాటిని చెక్కలుగా పంచుకున్నారు. అధికారుల పెత్తనంలోని ఉమ్మడి సాగు ఎక్కడా ఎక్కువ కాలం నిలవలేదు.

మెక్సికోలో తర్వాత జరిగింది ఎహీదోను పస్తు పెట్టడమే. 1946 సవరణలతో మినహాయింపు పరిమితులు పెరిగాయి, భూస్వాములకు కోర్టు రక్షణ తిరిగి వచ్చింది. సాగునీటి పెట్టుబడి వాయవ్యంలోని పెద్ద కమతాలకు పోయింది. నార్మన్ బోర్లాగ్ పొట్టి గోధుమ వంగడాలు పెంచిన యాకీ లోయ అక్కడిదే. 1966లో భారత్ తెప్పించుకున్న 18 వేల టన్నుల విత్తనం ఆ కృషి ఫలమే. అదే లోయలో కార్దెనాస్ 1937లో ఎహీదోలు ఏర్పాటు చేశారు. విత్తనం మన పంజాబ్‌ దాకా వచ్చింది గానీ, మెక్సికోలో వాన మీద ఆధారపడ్డ మొక్కజొన్న ఎహీదోలకు ఆ హరిత విప్లవం అందలేదు. చివరికి 1992లో అధ్యక్షుడు సాలినాస్ 27వ అధికరణాన్ని సవరించి పంపిణీ ముగిసిందని ప్రకటించాడు, గ్రామసభ ఒప్పుకుంటే పూర్తి యాజమాన్యానికి మారే వీలిచ్చాడు. భూమంతా కంపెనీల పాలవుతుందని ఒక పక్షం భయపెట్టింది, పెట్టుబడి వరదలా వస్తుందని మరో పక్షం ఆశపెట్టింది. 1994 జనవరి 1న చియాపాస్‌లో తిరగబడ్డ జపాతిస్తాలు ఈ సవరణను కూడా కారణంగా చూపారు. జరిగింది రెండూ కాదు. పూర్తి యాజమాన్యానికి మారింది చాలా కొద్ది భాగం, అదీ ఎక్కువగా నగరాల అంచుల్లో, పర్యాటక తీరాల్లో. మిగతా చోట్ల చాటుగా సాగిన కౌలు బాహాటమైంది. సాగు మానితే హక్కు పోతుందన్న భయం తొలగడంతో వలస పెరిగిందని పరిశోధకులు గుర్తించారు. నేటికీ దేశ భూభాగంలో దాదాపు సగం ఎహీదోల, గ్రామ సముదాయాల కిందే ఉంది.

తెలుగు రాష్ట్రాలు దీని నుంచి తీసుకోవాల్సినవి ఉన్నాయి. అమ్మకపు హక్కు ప్రభావం ఊరి బట్టి మారుతుంది. హైదరాబాద్, విశాఖ, విజయవాడ శివార్లలో అది వెంటనే అమ్మకమవుతుంది, కొనేవాడికే ముందుగా సమాచారం ఉంటుంది. మెట్ట పల్లెల్లో అడిగే నాథుడుండడు, అక్కడ రైతుకు కావాల్సింది చట్టబద్ధంగా కౌలుకిచ్చే వీలు, సహకార బ్యాంకులో అప్పు. రెండు చోట్లకూ ఒకే నిబంధన రాయడం తప్పు. హద్దుల సర్వే, రికార్డుల సవరణ పూర్తికాకుండా హక్కు ఇస్తే లాగునా హడావిడే పునరావృతమవుతుంది. మెక్సికో 1992 నాటి వ్యవసాయ చట్టంలో మనవాళ్లు చదవాల్సిన నిబంధన ఒకటుంది. ఎహీదో సభ్యుడు తన చెక్కపై హక్కులు అమ్మదలిస్తే ముందుగా భార్యకు, పిల్లలకు తెలపాలి. కొనుక్కునే తొలి హక్కు వారిది, అందుకు 30 రోజుల గడువు. వాళ్లకు తెలపకుండా జరిగిన అమ్మకాన్ని కోర్టు రద్దు చేయవచ్చు. ఇంటి పెద్ద ఒక్కడి సంతకంతో కుటుంబం మొత్తం భూమి కోల్పోయిన ఉదంతాలు మన మండలాల్లోనూ ఉన్నాయి. అసైన్డ్ చట్టంపై తదుపరి సవరణ ముసాయిదా ఏ ప్రభుత్వం రాసినా, భార్య సంతకం లేని అమ్మకం చెల్లదన్న వాక్యం అందులో మొదటి పేజీలో ఉండాలి.